యాదమ్మ ముక్కు మీద బుడిపె

1986 ఎండాకాలం. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు నుంచి రెండు సందులు లోపలికి తిరిగితే ఒక మందుల షాపు, ఆ షాపు మీద మేడ, ఆ మేడ మీద కిరాయికి తీసుకున్న రెండు గదుల్లో నా ల్యాబు. చుట్టూ ఎటు చూసినా ఇసుక కుప్పలు, కంకర, నీళ్ళ డ్రమ్ములు, సగం లేచిన గోడలు. మొన్నటిదాకా ద్రాక్షతోటలున్న చోట హద్దురాళ్ళు పాతి, కాలనీల పేర్లు రాసిన బోర్డులు పెడుతున్నారు. పొద్దున్నే మైక్రోస్కోపు తుడిచి పెట్టుకుంటే గంట తిరక్కుండా లెన్సు మీద సిమెంటు దుమ్ము పేరుకునేది. పక్క ప్లాటులో బోరు వేస్తున్నన్నాళ్ళూ కణాలన్నీ కళ్ళముందు గంతులు వేసేవి. బోరువాళ్ళు టీకి వెళ్ళినప్పుడు నేను పని చేసుకునేదాన్ని, వాళ్ళు పనిలోకి దిగగానే నేను టీ తాగేదాన్ని.

మాది బాపట్ల వైపు. మావారికి టెలిఫోన్స్‌లో ఉద్యోగం. దానికోసం హైదరాబాదు వచ్చి ఇక్కడే ఉండిపోయాం. నేను పాథాలజిస్టుని. రోగి ఒంట్లోంచి సర్జన్ తీసి పంపిన ముక్కను పరీక్షించి, అది ఏ జబ్బో చెప్పడం నా పని. ఈ పని ఏమిటో మా అత్తగారికి చివరిదాకా అర్థం కాలేదు. "మా కోడలు డాక్టరే, కానీ రోగుల్ని చూడదు" అని ఇరుగుపొరుగు వాళ్ళకి చెబుతుండేవారు. వినడానికి ఒళ్ళు మండేది. కానీ అందులో అబద్ధమేమీ లేదు, నా దగ్గరికి ముక్క వచ్చేది తప్ప మనిషి వచ్చేది కాదు.

ఆ ముక్క కూడా వచ్చినది వచ్చినట్టు మైక్రోస్కోపు కింద పెట్టేది కాదు. ముందు కుళ్ళకుండా ఫార్మలిన్ ద్రావణంలో నానాలి. తర్వాత కరిగించిన మైనంలో పెట్టి దిమ్మ చెయ్యాలి. దాన్నే బ్లాక్ అంటాం. ఆ బ్లాకును మైక్రోటోమ్ అనే మిషను మీద ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజుపలక మీద పరిచి, రంగులు పట్టించాలి. కణం నడిమి భాగం నీలంగా, మిగతాది గులాబీగా కనపడుతుంది. ఆ నీలం, గులాబీల్లోంచే మేము మంచి చెడ్డలు చదువుకోవాలి. ఇప్పటిలాగా ఈ కణం ఏ జాతిదో పట్టి చూపించే కొత్త రకం పరీక్షలు అప్పుడు మా చేతుల్లో లేవు.

ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గర రంగారావుగారని ఒక సర్జన్ నర్సింగ్ హోమ్ నడిపేవారు. చెయ్యి చురుకు, నోరు అంతకన్నా చురుకు. కొత్తగా పెట్టిన నా ల్యాబుకి కేసులు పంపే నలుగురైదుగురిలో ఆయనే పెద్ద దిక్కు. మే నెల మొదట్లో ఒకరోజు ఆయన కాంపౌండరు ఖాళీ ఇంజెక్షన్ బుడ్డిలో ఒక చిన్న ముక్క తెచ్చిచ్చాడు. చీటీ మీద రాసింది ఇంతే: యాదమ్మ, వయసు ఇరవై ఆరు, ఎడమ ముక్కు రెక్క మీద ఒక గడ్డ, ఏడాదిగా పెరుగుతోంది, క్యాన్సరా?

స్లైడు తయారయ్యాక చూశాను. చర్మం కింద ముదురు నీలం కణాలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. ప్రతి గుంపు అంచునా కణాలు దడి కర్రల్లా వరసగా నిలబడ్డాయి. ఏ పాథాలజిస్టుకైనా ఇది చూడగానే నోటికొచ్చే పేరు బేసల్ సెల్ కార్సినోమా. ఇదొక రకం చర్మ క్యాన్సర్. మిగతా క్యాన్సర్లలా ఒళ్ళంతా పాకడం చాలా అరుదు. కానీ పుట్టిన చోట మాత్రం ఎలుక కొరికినట్టు కొరుక్కుంటూ పోతుంది. ముక్కు మీద పుడితే ముక్కును తినేస్తుంది.

చిక్కేమిటంటే, అచ్చం దీనిలాగే ఉండే గడ్డ ఇంకోటుంది. దాని పేరు ట్రైకోఎపిథీలియోమా. పేరుకి భయపడక్కర్లేదు. చర్మంలో వెంట్రుక మొదలు తయారవబోయి, సగంలో దారి తప్పి, గడ్డగా మిగిలిపోయిందన్నమాట. ప్రాణానికీ ప్రమాదం లేదు, ముక్కుకీ ప్రమాదం లేదు. దీనిలోనూ అవే నీలం గుంపులు, అవే దడి కర్రలు. మంచిదానిలో గుంపుల మధ్య గోళ్ళలో, వెంట్రుకల్లో ఉండే కెరటిన్ గట్టిపడి నిండిన చిన్న చిన్న సంచులుంటాయి. చెడ్డదానిలో గుంపుకీ చుట్టూ ఉన్న కండకీ మధ్య సన్నని ఎడం కనపడుతుంది. పుస్తకాల్లో ఇలాగే రాసి ఉంటుంది. అయితే చెడ్డదానిలోనూ ఒక్కోసారి ఆ సంచులుంటాయి, మంచిదానిలోనూ ఒక్కోసారి ఎడం ఉన్నట్టు అనిపిస్తుంది. పైగా రంగారావుగారు ముక్కను పట్టకారుతో గట్టిగా పట్టి లాగినట్టున్నారు, నేను చూడాల్సిన అంచులే సరిగ్గా నలిగిపోయాయి. ఉన్న కాస్తా పైపై చర్మమే, లోతు లేదు.

నాకు నచ్చనిది ఇంకోటి కూడా ఉంది. ఈ క్యాన్సర్ ఎక్కువగా తెల్లతోలు వాళ్ళకి, అదీ వయసు మళ్ళాక వస్తుంది. మన రంగు మనిషికి, ఇరవై ఆరేళ్ళకి రావడం చాలా అరుదు. అలాగని ఆ రెండో గడ్డేమైనా రోజూ కనపడేదా? అప్పటిదాకా నేను దాన్ని పుస్తకంలో బొమ్మగా చూడటమే తప్ప కళ్ళారా చూసింది లేదు. స్లైడు పట్టుకెళ్ళి నాతో చదువుకున్న ఇద్దరికి చూపించాను. ఒకరు క్యాన్సరే అన్నారు, ఇంకొకరు కాదేమో అన్నారు. వెళ్ళినప్పటికన్నా ఎక్కువ అనుమానంతో తిరిగొచ్చాను.

రంగారావుగారికి ఫోన్ చేశాను.

"ముక్క సరిపోలేదండీ. ఇంకొంచెం లోతుగా తీసి పంపగలరా?" అన్నాను.

"ఎన్నిసార్లు కొయ్యమంటారు ఆవిణ్ణి? క్యాన్సర్ కాదు అని రాసివ్వగలరా?"

"రాయలేను."

"క్యాన్సర్ అని?"

"అదీ రాయలేను."

"నాకు మధ్య మాట వద్దమ్మా. మధ్య మాట చెప్పడానికి నేను చాలు. కాదని మీరు చెప్పలేకపోతే అవుననుకునే చేస్తాను. వచ్చే వారం పెట్టుకున్నాను. గడ్డ చుట్టూ వెడల్పుగా తీసేసి, చెవి వెనక చర్మం తెచ్చి అతుకుతాను."

"ముక్కు రెక్క పోతుందిగా."

"రెక్క పోతుంది. ఆలస్యం చేస్తే ముక్కే పోతుంది."

ఆయన మీద కోపం వచ్చింది. కానీ ఆయన మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. అది క్యాన్సర్ అయ్యి వదిలేస్తే ముక్కు పోతుంది, కాకపోయీ కోస్తే ఉత్తి పుణ్యానికి ముక్కు పోతుంది. ఎటు తిరిగినా ఆ ముక్కు నా కలం మొనమీదే ఉంది. నిజం చెప్పొద్దూ, నాకు భయం వేసింది. అన్నం తింటున్నా, కూర తరుగుతున్నా ఆ నీలం గుంపులే కళ్ళముందు ఆడుతుండేవి.

రెండ్రోజులకి మెట్ల మీద గాజుల చప్పుడైంది. మధ్యాహ్నం, కరెంటు లేదు, మేడ మీద గది కొలిమిలా ఉంది. ఒకావిడ, వెనకే ఒక మగాయన లోపలికొచ్చారు. ఆవిడ పెట్టెలోంచి తీసిన మడత చీర కట్టుకుని, తలనిండా కనకాంబరాలు పెట్టుకుని, మొహానికి స్నో క్రీము రాసి, దానిమీద పౌడర్ దట్టించి, పేరంటానికి బయలుదేరినట్టుంది. ముక్కు ఎడమపక్క చిన్న ప్లాస్టరుంది.

"ముక్క సూసే డాక్టరమ్మ ఉన్నరా?" అంది.

"నేనేనమ్మా. కూర్చో."

"నేను యాదమ్మను. గీయన మా ఆయన. ఎల్‌బీ నగర్ల బస్సులాగే కాడ మాకు చాయ్ హోటలుంది. మీరు కాదు అనకుంటె ముక్కు కోస్తనన్నడు సారు. గందుకే మిమ్మల్నే అడుగుదామని వచ్చినం."

నా దగ్గరికి అట్లా మనిషి రావడం అదే మొదలు. చేతిలో ఉన్న దూదిని ఊరికే మడతలు పెడుతూ కూర్చున్నాను.

"జర ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి మేడం. నిద్ర పడ్తలేదు. మస్తు పరేషాన్ల ఉన్నం" అన్నాడు వాళ్ళాయన.

"ఇంకా తేలలేదు బాబూ. చూస్తున్నాను."

"కోసుడు కోయనియ్యి మేడం" అంది యాదమ్మ. "నాకు కత్తంటె భయం లేదు. గని ముక్కుంటదా? పొద్దుందాక గల్లా కాడ కూసునేది నేనే. ఒచ్చెటోడు పోయెటోడు నా మొహమే సూస్తడు. ముక్కు లేకుంట నేనెట్ల కూసోవాలె?"

 నేను లేచి కుండలోంచి చల్లటి నీళ్ళు ముంచి ఇచ్చాను. గటగటా తాగింది. ఒకటే ఉక్క. చెమట కారి కళ్ళలో పడుతుంటే కొంగుతో మొహమంతా గట్టిగా తుడుచుకుంది. స్నో, పౌడర్ అన్నీ కొంగుకు అంటుకొచ్చేశాయి.

మళ్ళీ ఆమె మొహం చూసి నేను దగ్గరికి వంగాను. ముక్కుకి రెండు పక్కలా, పై పెదవి మీద, కనుబొమల మధ్య చర్మం రంగులోనే చిన్న చిన్న బుడిపెలు. నానిన సగ్గుబియ్యం గింజలంత ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు.

"ఇవేంటమ్మా?"

"ఏవి?"

"ఈ బుడిపెలు."

"అవా? అవి మా ఇంటియి మేడం."

"మీ ఇంటివంటే?"

"మా నాయినకున్నయ్. మా మేనత్తకున్నయ్. మా తమ్మునికి గిప్పుడిప్పుడే ఒస్తున్నయ్. ఈడొచ్చినంక ఒస్తయ్ మా ఇంట్ల పుట్టినోళ్ళకు. కోడండ్లకు రావు."

"ఈ సంగతి రంగారావుగారికి చెప్పలేదా?"

"ఆయనడగలె. గడ్డ ఎప్పట్సంది ఉన్నదని అడిగిండు, గడ్డ సంగతి చెప్పిన. ఇవి జబ్బు గాదు గదా చెప్పనీకి."

"మరి ఆయన దగ్గరికి వెళ్ళినప్పుడు కూడా పౌడర్ ఇలాగే రాసుకెళ్ళావా?"

"రాసుకోనా మరి! పెద్ద దవాఖానకు పోతున్నం గదా మేడం. ఉత్త మొహం ఏసుకొని పోతమా?"

నాకు నవ్వాగలేదు. పాపం ఆ అమ్మాయి డాక్టరుగారి మీద గౌరవంతో ముస్తాబై వెళ్ళింది. ఆయన కంటికి పెద్ద గడ్డ ఒక్కటే కనపడింది, ముక్క తీసేటప్పుడు కూడా గడ్డ మేరకే తుడిచి ఉంటారు, మిగతావన్నీ స్నో కింద హాయిగా దాక్కున్నాయి. తన ఇంట్లో అందరికీ ఉన్నదాన్ని జబ్బని ఎవరనుకుంటారు? మా నాన్నకి బట్టతల ఉందని నేను ఏ డాక్టరుకి చెప్పాను?

ట్రైకోఎపిథీలియోమాలు కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా, ఒకేసారి అనేకం వస్తాయని చదివాను. మొహం మధ్యలో, అందులోనూ ముక్కు చుట్టూ ఎక్కువ. యాదమ్మను వెలుతురులో కూర్చోబెట్టి మిగిలిన పౌడరంతా తుడిపించి, భూతద్దంతో ఒక్కోటీ చూశాను.  వాళ్ళ నాన్న ఎక్కడుంటాడని అడిగితే అల్మాస్‌గూడ అంది. ఆదివారం ఇంట్లో ఉంటాడా అంటే, "బర్లున్నయ్ గద మేడం, ఆయన యాడికి పోతడు?" అంది.

ఆదివారం మావారి స్కూటరెక్కాను. సెలవు రోజున ఎవరి మొహమో చూడటానికి ఎండలో తీసుకెళ్ళమంటున్నానని ఆయన దారి పొడుగునా సణుగుతూనే ఉన్నారు. కర్మన్‌ఘాట్ దాటాక తారు రోడ్డు అయిపోయి మట్టి బాట మొదలైంది. అల్మాస్‌గూడ అప్పటికింకా ఊరే. పొలాల్లో మాత్రం హద్దురాళ్ళు లేచాయి. యాదమ్మ తండ్రి మల్లయ్యగారు పెంకుటింటి పక్కనే కొత్త ఇల్లు కట్టిస్తూ, లుంగీ పైకి కట్టి గోడకి నీళ్ళు కొడుతున్నారు. స్కూటర్ మీద దిగిన మమ్మల్ని చూసి గొట్టం పక్కన పెట్టారు.

"ప్లాట్లు సూడనీకొచ్చిన్రా సార్? ఉత్తరం మొహానివి అయిపోయినయ్. దక్షిణానివి రెండున్నయ్."

"ప్లాట్లకి కాదండీ. మీ మొహం చూడటానికి వచ్చాను" అన్నాను.

ఆయన బిత్తరపోయారు. మావారు సిగ్గుతో అటు తిరిగి స్కూటరు టైరు నొక్కి చూసుకోసాగారు. అదృష్టవశాత్తూ యాదమ్మ ముందే వచ్చి ఉంది. పరుగున బయటికొచ్చి సంగతి చెప్పింది.

తర్వాత ఆ వాకిట్లో జరిగినది తలుచుకుంటే ఇప్పటికీ నాకు సంతోషంగా ఉంటుంది. వేపచెట్టు నీడలో నులకమంచం వేశారు. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళందరూ మొహాలు కడుక్కొచ్చి వరసగా కూర్చున్నారు. మల్లయ్యగారు, ఆయన తమ్ముడు, యాదమ్మ తమ్ముడు, అందరికన్నా పెద్దదైన మేనత్త సత్తెమ్మ. కోడళ్ళు మాత్రం నున్నటి మొహాలతో గుమ్మం దగ్గర నిలబడి నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. నేను భూతద్దం పట్టుకుని ఒక్కొక్కరి ముందూ వంగి చూస్తూ పోయాను. అవే సగ్గుబియ్యాలు, అదే చోట. తమ్ముడికి ఇంకా రెండు మూడే ఉన్నాయి. మల్లయ్యగారికి ముక్కు మొదట్లో ఒత్తుగా ఉన్నాయి. సత్తెమ్మగారికైతే అన్నీ కలిసి ముక్కు పక్కన చిన్న గట్టులా కట్టాయి.

"పెద్దమ్మా, ఇవి మీకెప్పట్నుంచి ఉన్నాయి?"

"లగ్గం గాకముందట్సంది బిడ్డా."

"ఎప్పుడైనా పుండయ్యాయా? రక్తం కారిందా?"

"అవేం జేస్తయ్? నన్ను అవి ఏమనలె, వాటిని నేనేమనలె. మా నాయినకు మొహం నిండ ఉండె. మంచిగ ముసలోడై పోయిండు. వాటితోని గాదు."

 మజ్జిగ తాగి బయలుదేరాం. దారిలో మావారు ఒక్క మాట కూడా సణగలేదు. దక్షిణం మొహం ప్లాటు బాగానే ఉందట.

సోమవారం పొద్దున్నే ఎల్‌బీ నగర్ వెళ్ళి రంగారావుగారికి అంతా చెప్పాను. ఆయన విన్నారు, పౌడర్ సంగతి దగ్గర నవ్వారు కూడా. కానీ వెంటనే ఒక ప్రశ్న వేశారు.

"ఇంటిల్లిపాదికీ ఉంటే ఉండనీండి. వాళ్ళెవరివీ పెరగలేదు, ఈమెది పెరిగింది. ఎందుకు పెరిగింది?"

 అలాంటి మంచి గడ్డల నడుమ ఎప్పుడో ఒకటి క్యాన్సర్ అయ్యే వీలు కూడా లేకపోలేదు. అది నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. కుటుంబాన్ని చూసొచ్చిన సంబరంలో నేను అసలు ప్రశ్నను దాటేసి మాట్లాడుతున్నానని అర్థమైంది.

"అదే గడ్డలోంచి ఈసారి లోతుగా తీసివ్వండి" అన్నాను. "పట్టకారు తగలనీకండి. పక్కనున్న చిన్న బుడిపె ఒకటి, వాళ్ళ మేనత్తది ఒకటి కూడా కావాలి. పక్కపక్కన పెట్టి చూస్తాను."

"జబ్బు లేని ముసలావిణ్ణి కొయ్యమంటారా?"

"ఆవిడ ఒప్పుకుంటేనే."

ఒప్పుకోవడమేమిటి, మర్నాడే సత్తెమ్మగారు నర్సింగ్ హోముకి వెళ్ళి బల్లమీద పడుకుంది. "మా పిల్ల ముక్కు నిలుస్తదంటె నాది పూరా గోస్కోండ్రి" అందట. యాదమ్మ తమ్ముడు కూడా నాదీ తీసుకోండని వెంటపడితే, ఇదేమైనా రక్తదానమా అని రంగారావుగారు కసిరి పంపించారట. ఆపరేషన్ మాత్రం వాయిదా వేశారు. ఆయన మీద నాకున్న కోపం ఆ రోజుతో పోయింది.

ముక్కలొచ్చాయి. ఈసారి చక్కగా, లోతుగా, అంచులు నలక్కుండా ఉన్నాయి. యాదమ్మ బ్లాకును పైపైన కోసి ఊరుకోలేదు, అడుగుదాకా కోసుకుంటూ పోయి వరసగా స్లైడ్లు చేశాను. ముందు సత్తెమ్మగారిది పెట్టాను. నీలం గుంపులు, వాటి చుట్టూ ఒత్తుకుని ఉన్న నారలాంటి కండ, మధ్యలో కెరటిన్ సంచులు. కొన్ని గుంపుల కొసన చిన్న గుబ్బలా సన్నటి కణాలు చేరి ఉన్నాయి. వెంట్రుక మొదలు కింద సహజంగా ఉండే గుబ్బ అది. వెంట్రుకను చెయ్యబోయి సగంలో ఆగిపోయిన ఆనవాలన్నమాట. క్యాన్సర్‌లో అది కనపడటం చాలా అరుదు. తర్వాత యాదమ్మవి పెట్టాను. పైపొరల్లో లేని గుబ్బలు లోతు పొరల్లో ఉన్నాయి. రెండుగా చీలి పెరుగుతున్న కణాలు దాదాపు లేవు. గుంపుకీ కండకీ మధ్య ఎడం లేదు.

ఎందుకు పెరిగిందో కూడా అక్కడే దొరికింది. ఒక పెద్ద కెరటిన్ సంచి పగిలి, లోపలి సరుకంతా కండలోకి కారింది. ఒంటికి అది పరాయి వస్తువు కింద లెక్క. దాన్ని తినడానికి పెద్ద పెద్ద కణాలు గుంపుగా చేరి, చుట్టూ వాచిపోయింది. పెరిగింది వాపే, గడ్డ కాదు.

హోటల్‌కి ఫోన్ చేసి యాదమ్మని లైన్లోకి పిలిపించాను. "ముక్కుపుడక ఎప్పుడైనా మార్చావా?" అని అడిగాను.

"పోయిన ఏడు మా ఆయన కొత్తది జేపిచ్చిండు మేడం. మంచి బరువున్నది. గడ్డ అయినంక తీసేసిన. ఎందుకు?"

ఆ బరువు పుడక రోజూ బుడిపెను ఒరుసుకుని సంచిని చిట్లించి ఉంటుంది. చెబితే పక్కనున్న వాళ్ళాయన ఏమంటున్నాడో నాకు వినపడలేదు కానీ, యాదమ్మ మాత్రం "సూసినవా, నాకొద్దంటే ఇనలె" అని అక్కడికక్కడే దులపడం వినపడింది.

రిపోర్టు రాశాను, ట్రైకోఎపిథీలియోమా అని. ఆ సాయంత్రమే రంగారావుగారు మొదటిసారి నా మేడ మెట్లెక్కి వచ్చారు. చెమట తుడుచుకుని మైక్రోస్కోపు ముందు కూర్చున్నారు. రెండు స్లైడ్లు మార్చి మార్చి చాలాసేపు చూశారు.

"ఇందులో మేనత్తది ఏది, మేనకోడలిది ఏది?" అన్నారు తలెత్తకుండా.

"మీరే చెప్పండి."

మళ్ళీ చూశారు. "వాచిన చోటు వదిలేస్తే నాకు తేడా తెలియడం లేదు."

"నాకూ తెలియడం లేదండీ. అందుకే ధైర్యంగా సంతకం పెట్టాను."

ఆయన కళ్ళద్దాలు తీసి నావైపు చూసి, "బాగుంది. ముసలావిడకి ఇన్నేళ్ళుగా ఏమీ చెయ్యనిది పిల్లకి మాత్రం ఏం చేస్తుంది" అన్నారు. మెట్లు దిగుతూ ఆగి, "టీ ఇవ్వరా?" అన్నారు. కరెంటు లేదు, స్టవ్వులో కిరసనాయిలు లేదు. యాదమ్మ హోటల్‌కి వెళ్ళి తాగమన్నాను.

పెద్ద ఆపరేషన్ ఆగిపోయింది. వాచిన బుడిపెను చర్మంతో సమంగా పల్చగా చెక్కేశారు. చిన్న మచ్చ మిగిలింది. అప్పుడప్పుడూ వచ్చి చూపించుకోమని, ఏదైనా పుండైతే వెంటనే రమ్మని చెప్పారు. ముక్కు కుడిపక్క కుట్టించుకుని చిన్న పుడక పెట్టుకుంది యాదమ్మ. బస్సు కోసం ఎల్‌బీ నగర్ వెళ్ళినప్పుడల్లా గల్లా దగ్గర్నుంచి నన్ను కేకేసి పిలిచేది. స్పెషల్ చాయ్ తాగేదాకా బస్సెక్కనిచ్చేది కాదు.

రంగారావుగారు తర్వాత చర్మం ముక్క ఏది పంపినా చీటీలో రాసేది మారింది. గడ్డలు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నాయా, అన్నీ రాసేవారు. ఒకసారి ఫోన్ చేసి, "మేడం, ఈవిడకి మొహం కడిగించి మరీ చూశాను, ఒక్కటే ఉంది" అన్నారు గొప్పగా.

నేను నేర్చుకున్నది చెప్పాలంటే, రెండు గడ్డలు ఒకేలా కనపడినప్పుడు లెన్సు మార్చి మార్చి చూస్తూ కూర్చోవడం వల్ల లాభం లేదు. ముక్క ఎవరిదో ఆ మనిషిని చూడాలి, ఆ మనిషి పుట్టిన ఇంటిని చూడాలి. అలాగని ఇంటిని చూసి మురిసిపోయి స్లైడును వదిలేసినా ప్రమాదమే, ఆ మాట నాకు నేర్పింది రంగారావుగారి ప్రశ్న. ఆ తర్వాత నేను అనుమానం వచ్చిన ప్రతి కేసులో రోగిని ఒకసారి పంపమని అడిగేదాన్ని. మా అత్తగారు ఆ మాట విని, "ఇప్పటికి అసలు డాక్టరయ్యావు" అన్నారు. ఈసారి ఒళ్ళు మండలేదు.

చాన్నాళ్ళ తర్వాత, నా ల్యాబు కింద ఇసుక కుప్పల బదులు బట్టల షాపులు వచ్చాక, యాదమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పిల్లకి అప్పుడప్పుడే ఈడొచ్చింది. ముక్కు పక్కన రెండు చిన్న బుడిపెలు మొలిచాయి. బల్లమీదున్న కత్తెర్లనీ పట్టకార్లనీ చూసి బిక్కచచ్చి నిలబడింది.

"కోస్తరా మేడం?" అంది సన్నగా.

నేను నోరు తెరిచేలోపే యాదమ్మ ఆ పిల్ల గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది.

"గిటు సూడు. ఇది నా ముక్కు. ఉన్నదా, లేదా?"

"ఉన్నది."

"మరి నీది యాడికి పోతది?"

ఆ పిల్ల తల్లి ముక్కును చూసి, తన బుడిపెలను వేలితో తడుముకుని, మెల్లగా నవ్వింది. ఆ రోజు నేను ముక్కా తియ్యలేదు, రిపోర్టూ రాయలేదు.